ఉర్లగడ్డలు వొత్తే మిషను

బత్తలపల్లె,
12 మార్చి 2006

హనుమంతీ,

నువ్వూ, నా తమ్ముడు ఓబుళేసూ, మీ పాప లహరీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగున్నాను. అక్షరాలు కోడి గీకినట్టున్నాయని నవ్వొద్దు, పెన్ను మంచిది కాదు. జాబెందుకు, ఫోను చేయొచ్చు కదా అని ఓబుళేసు అంటాడు. నువ్వు పనిచేసే ఇంటికి చేస్తే ఆ ఇంటామె పద్మప్రియమ్మ ఎత్తుతుంది. వాడు గేట్లు చేసే షాపుకు చేస్తే వెనకాల వెల్డింగు మోత. రూపాయి బిళ్ల పోతుందే గానీ మాట మాత్రం అవతలికి పోదు.

పోయిన జాబులో నువ్వు ఒక ముక్క రాసి దాటేసినావు. మీ పద్మప్రియమ్మ వంటింట్లో ఉర్లగడ్డలు వొత్తే మిషను ఉందనీ, ఉడికిన గడ్డ వేసి వొత్తితే అన్నం మెతుకుల మాదిరి రాలుతుందనీ. అది చదివినప్పటి నుంచీ నాకు వేరే ధ్యాస లేదు. అది ఏ అంగట్లో దొరుకుతుంది? నాలాంటిది కొనేటట్టు ఉంటుందా? ఒకసారికి ఎన్ని గడ్డలు పడతాయి?

ఇంకొకటి ముఖ్యం. దాని మీద కూర్చోవచ్చా? మా అమ్మ ఇంట్లో శావిగల పీట ఉండేది, నువ్వు కాపురానికి వచ్చిన కొత్తలో చూసినావు. గుంతలో పిండిముద్ద పెట్టి పైన దూలం మీద మనిషి కూర్చుంటే, కింద తూట్లలోంచి శావిగలు దిగేవి. ఎప్పుడూ కూర్చునేదాన్ని నేనే. ఇదీ అట్లాంటిదేనా, లేక చేత్తోనే వొత్తాలా? అదొక్కటి సరిగ్గా చూసి రాయి.

ఎందుకంటే, ఈ మధ్య నా బోండాల్లో ఉర్లగడ్డ సరిగ్గా నలగకుండా ముక్కలు మిగిలిపోతున్నాయి. లోపల ఒక్క ముక్క గట్టిగా ఉన్నా చాలు, బోండా నూనెలో పగులుతుంది. మొన్న పగిలింది. కదిరి బస్సు కండక్టరు తిప్పేస్వామి ఒకటి కొరికి, "ఏమక్కా, ఉడకబెట్టకుండానే ఏస్తాండావా?" అన్నాడు. బస్సంతా వినింది. మీ అన్న పోయినాక ఈ బస్టాపులో పొయ్యి పెట్టి పదకొండేళ్లు. ఇన్నేళ్లలో నా బోండాను ఒక మాట అన్నవాడు వాడొక్కడే. ఆ పొద్దు నాకు అన్నం దిగలేదు.

ఇక్కడ అప్పుడే ఎండలు మండిపోతున్నాయి. ట్యాంకరు రెండు రోజులకొకసారి వస్తుంది. జనవరిలో వచ్చిన జ్వరం నాకు ఎప్పుడో పోయింది, దాని గురించి అడగొద్దు. మిషను సంగతి తొందరగా రాయి.

నీ మేలు కోరే
వదిన చౌడమ్మ


బెంగళూరు,
21 మార్చి 2006

వదినా,

నీ జాబు పని చేసే ఇంట్లోనే చదివినాను. "దాని మీద కూర్చోవచ్చా" అన్న కాడికి వచ్చేసరికి నవ్వు ఆగక పొయ్యి మీద పాలు పొంగబెట్టినాను. పద్మప్రియమ్మ ఏమైందని పరిగెత్తుకొచ్చింది. ఆమెకు చదివి వినిపించినాను. తప్పయితే క్షమించు, ఆమె కూడా నవ్వింది.

వదినా, అది జానెడు వస్తువు. నిమ్మకాయలు పిండేది చూసినావు కదా, దాన్ని నాలుగింతలు చేయి, అదే ఇది. చిన్న గిన్నె, గిన్నెకు అడుగున తూట్లు, రెండు పొడుగు పిడులు. రెండు పిడులూ కలిపి బిగించి పట్టుకుంటే గడ్డ తూట్లలోంచి కిందికి వస్తుంది. నువ్వు దాని మీద కూర్చుంటే మిషను సంగతి సరే, నిన్ను ఏ ఆస్పత్రికి తీసుకుపోవాలో ముందే అనుకోవాల.

నన్నడిగితే కొనొద్దు. పెద్ద పెద్ద అంగళ్లలో అద్దాల వెనకాల పెట్టి అమ్ముతారు. పద్మప్రియమ్మకు ఎవరో పెళ్లిలో చదివించినారంట, పై అరలో బూజు పట్టి ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు కిందికి దిగితే గొప్ప. చేతగాని వాళ్ల కోసం చేసిన వస్తువది. నీ చేతికి మించిన మిషను యాడుంది వదినా? నా పెళ్లిలో నూటేభై మందికి ఒక్కదానివే పూరీల్లోకి ఉర్లగడ్డ పల్యం నలిపినావు, ఒక్క ముక్క తగల్లేదని మా మేనత్తలు ఇప్పటికీ చెప్పుకుంటారు. బోండా పగిలిందంటే గడ్డలు మంచివి కావు, అంతే. అంగడాయన్ను మార్చు.

మీ తమ్ముడు ఎప్పటి మాటే మళ్లీ రాయమన్నాడు. "మా అక్క ఇంకా ఎన్నేండ్లు ఆ రోడ్డు పక్కన నిప్పుల ముందర కూర్చోవాల? అంగడి మూసేసి ఈడికి రమ్మను" అని. రూము చిన్నదే గానీ నీకు చోటు లేకపోదు. లహరి పరీక్షలు రాస్తోంది. నువ్వొస్తే దానికి జడ వేసేవాళ్లు దొరుకుతారు, నాకు పొద్దున్నే తీరదు.

ఉంటాను వదినా,
హనుమంతమ్మ


బత్తలపల్లె,
2 ఏప్రిల్ 2006

హనుమంతీ,

ఈ జాబు నేను చెబుతుంటే నా అంగడి పక్కన సైకిల్ షాపు యేసన్న రాస్తున్నాడు. నా కళ్లద్దాలు పగిలినాయి. (అమ్మా, నమస్తే. నేను యేసన్నను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాను.)

నా చేతిని అంతగా మెచ్చుకున్నావు, సంతోషం. మెచ్చుకుంటే ఉర్లగడ్డ నలగదు. నేను అడిగింది ఒకటి, నువ్వు చెప్పింది ఒకటి. అంగడాయన్ను మార్చమన్నావు, ఆయన పాపం ఏమీ చేయలేదు. చేతగాని వాళ్ల వస్తువన్నావు. నేను చేతగానిదాన్నే అనుకో, ఏమైంది? (ఇక్కడ ఆమె గొంతు పెంచింది.)

ఇప్పుడు నేను అడిగేది ఒకటొకటిగా చూసి రాయి. పిడులు పిడికిట్లో పట్టుకొని బిగించాలా, లేక ఒక పిడి బల్ల మీద ఆనించి ఇంకోదాన్ని పైనుంచి నొక్కితే చాలా? పిడికిలి మూయకుండా పని జరుగుతుందా? ఉర్లగడ్డకు పొట్టు తీయాలా? కాలే గడ్డ పొట్టు తీయడమే సగం చావు. ఊరికే చూసి రాయొద్దు, నువ్వే ఉడకబెట్టి వొత్తి చూసి రాయి. పద్మప్రియమ్మను నేను అడిగినానని చెప్పు, ఆమె వద్దనదు.

బెంగళూరు మాట ఎత్తొద్దు. ఇక్కడ నేను పొయ్యి వెలిగిస్తేనే మొదటి బస్సు వాళ్లకు తెల్లారుతుంది. అక్కడికొస్తే నేను ఎవరికి కావాలి? జడలు వేసేదానికి మనిషి కావాలంటే వేరే చూసుకో. (ఈ మాట కొట్టేయమంటుందేమోనని ఆగినాను. కొట్టేయొద్దు అనింది.)

ఇంకేమీ లేదు.
చౌడమ్మ

(బోండాలు ఇప్పుడూ బాగానే ఉన్నాయి. నేను రోజూ తింటున్నాను. - యేసన్న)


బెంగళూరు,
10 ఏప్రిల్ 2006

వదినా,

నీ జాబు చదివినాక మనసు బాగాలేదు. అయినా నువ్వు చెప్పినట్టే చేసినాను.

ఆదివారం పద్మప్రియమ్మ ఇంట్లో కిలో ఉర్లగడ్డలు ఉడకబెట్టినాను. మిషను దించి, బూజు కడిగి, సగానికి కోసిన గడ్డను పొట్టుతోనే వేసి వొత్తినాను. నిజం చెబుతున్నా, చూసేదానికి ముచ్చటగా ఉంది. గడ్డంతా తెల్లగా పొడిపొడిగా కిందికి రాలింది, పొట్టు మాత్రం గిన్నెలోనే పలచగా అతుక్కొని ఉండిపోయింది. దాన్ని గోటితో లాగి పారేసినాను. పొట్టు తీసే పని లేదు. ఒక్క ముక్క కూడా తగల్లేదు. పద్మప్రియమ్మ "ఇన్నాళ్లూ దీన్ని ఇట్ల వాడాలని నాకే తెలీదు" అనింది.

ఇంక తప్పులు. ఒకసారికి ఒక గడ్డ, మహా అయితే ఒకటిన్నర. నువ్వు పొద్దునకు ఆరు కిలోలు చేస్తావు. వందసార్లు వొత్తాలి. కిలో వొత్తేసరికే నా అరచేతులు ఎర్రగా కందిపోయినాయి. పిడికిలి గట్టిగా బిగిస్తేనే దిగుతుంది, లేకుంటే దిగదు. బల్ల మీద ఆనించి నొక్కితే జారిపోయి ఒక గడ్డ గోడకు కొట్టింది. కాబట్టి వదినా, ఇంట్లో నలుగురికి చేసుకునేదానికైతే సరే, అంగడికి ఇది పనికిరాదు. కొనొద్దు. ఇది నా మాట.

ఇప్పుడు నా బాధ. కళ్లద్దాలు పగిలినాయని రాయించినావు. పోయినేడు కూడా పగిలినాయి, అప్పుడు నువ్వే భూతద్దం పెట్టుకొని నాలుగు పేజీలు రాసినావు. నా మీద కోపంతోనే నీ చేత్తో నాకు రాయకుండా ఉన్నావు, నాకు తెలుసు. ఎందుకు కోపమో చెప్పు. ఉగాదికి చీర పంపలేదనా? నవ్వినాననా? జడ మాట నేను ప్రేమతో రాసినాను, పనిమనిషిని చేయాలని కాదు. ఆ వాక్యం చదివి లహరి కూడా ఏడ్చింది.

మీ తమ్ముడు ఇంకో రకం. "ఎవరీ యేసన్న? మా అక్క గొంతు పెంచిందీ లేనిదీ ఆయన రాసేదేంది? రోజూ ఆడనే తింటాడా?" అని పొద్దుపోయేదాకా అడిగినాడు. ఏమీ లేదులే అన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు? నువ్వే రాయి.

నీ మరదలు
హనుమంతమ్మ


బత్తలపల్లె,
18 ఏప్రిల్ 2006

హనుమంతీ,

మిషను వద్దు. అడిగినందుకు చెంపలేసుకుంటున్నాను. కిలో ఉర్లగడ్డలు వొత్తి నీ అరచేతులు కందినందుకు బాధగా ఉంది, వెన్న రాసుకో. లహరితో నాకు దాని మీద కోపం లేదని చెప్పు.

యేసన్న ఎవరో నీ మొగునికి తెలియకపోతే, వాని చిన్నప్పటి సైకిలుకు పంచరు వేసింది ఎవరో గుర్తు చేసుకోమను.

చౌడమ్మ

అమ్మా హనుమంతమ్మా,

ఇది యేసన్న సొంతంగా రాస్తున్నది. బస్సు వచ్చిందని చౌడమ్మ పొయ్యి కాడికి పోయింది. ఆమె చెప్పింది పైన రాసినాను. చెప్పనిది కింద రాస్తున్నాను.

కళ్లద్దాలు పగల్లేదు, ముక్కు మీదే ఉన్నాయి. పోయింది చేతులు. జనవరిలో ఊరంతా చికున్‌గున్యా వచ్చింది కదా. చాలామందికి వచ్చింది, పోయింది. ఆమెకు జ్వరం పోయింది గానీ వేళ్ల నొప్పి పోలేదు. కణుపులు వాచి, వేళ్లు పక్కకు వంగినాయి. పిడికిలి మూతపడదు. గరిటె రెండు మణికట్ల మధ్య ఇరికించి పట్టుకుంటుంది. ఉర్లగడ్డలు ముంజేతులతో అదిమి నలుపుతుంది. ముక్కలు మిగలక ఏమవుతాయి? మందులు తీసుకుంటోంది, మెల్లగా తగ్గుతుంది, నెలలు పట్టొచ్చు అని డాక్టరు చెప్పినాడు.

జనం ముందర ఎప్పుడూ చేతుల మీద కొంగు కప్పుకునే పని చేస్తుంది. వంకర వేళ్లు చూసి ఎవరైనా పెద్దరోగం, అదే కుష్టు, అన్నారంటే ఆ చేతి బోండా ఇంకెవరూ తినరని ఆమె భయం. అంగడి పోతుందని భయం. మీకు తెలిస్తే మీ ఆయన వచ్చి తాళం వేసి ఆమెను తీసుకుపోతాడని ఇంకా పెద్ద భయం. అందుకే మీ ఇద్దరికీ దాచింది. మిషను మీద కూర్చోవచ్చా అని ఎందుకు అడిగిందో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. నవ్వే మాట కాదమ్మా అది.

నేనెవరికీ చెప్పనని ఒట్టు వేయమనింది. మేము ఒట్టు వేయకూడదమ్మా, మా గ్రంథంలోనే ఉంది అన్నాను. ఒట్టు కూడా అక్కరలేనంత గట్టిగా మాటిచ్చినానని ఆమె అనుకుంది. నేను మాట ఇవ్వలేదు. నాలుగు రోజులు ప్రార్థన చేసి, రాయడమే మంచిదని తోచి రాస్తున్నాను. తెలిస్తే ఆమె నాతో మాట్లాడదు. భరిస్తాను.

మీ ఆయన అనుమానం సంగతి. నాకు అరవై నాలుగేళ్లు. నా భార్య ఇప్పుడు నా పక్కనే కూర్చొని ఈ జాబు చదువుతోంది, అక్షరం బాగాలేదని తిడుతోంది.

యేసన్న


బెంగళూరు,
29 ఏప్రిల్ 2006

వదినా,

నాకు తెలిసిపోయింది. యేసన్నను ఒక్క మాట అన్నావంటే నామీద ఒట్టు. ఆయనకు ఒట్లు లేకపోతే ఏమి, మనకు ఉన్నాయి.

నీ చేతికి మించిన మిషను యాడుంది అని రాసినాను. ఆ మాట నువ్వు ఆ వేళ్లతో జాబు పట్టుకొని చదివి ఉంటావు కదా. తలుచుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. మొదటి జాబులో అక్షరాలు చూసి కూడా నాకు తట్టలేదు. నువ్వు పిడికిలి మూయకుండా పని జరుగుతుందా అని అడిగితే, నేను నా అరచేతులు చూసుకొని కందినాయని రాసినాను. నీ కష్టాన్ని నా చేతులతో కొలిచినాను వదినా. మనిషి మీద ప్రేముంటే చాలదు, కొంచెం బుర్ర కూడా ఉండాల.

మీ తమ్మునికి ఐదు రోజులు చెప్పలేదు. ఆరో రోజు అన్నం వడ్డిస్తూ ఏడుపు ఆపుకోలేక చెప్పేసినాను. కంచం ముందర అట్లనే కూర్చుండిపోయినాడు. మరుసటి రోజు పని నుంచి వస్తూ ఇనుప మంచం చేసుకొచ్చినాడు, నీ కోసం. కిటికీ పక్కన వేసినాడు. "నేనున్నాక మా అక్క ఆ చేతులతో రోడ్డు మీద గంపెడు గడ్డలు పిసికేదేంది? ఇంక నేనెవరి మాటా వినను" అంటున్నాడు.

నేను మొదటిసారి మీ తమ్మునికి ఎదురు చెప్పినాను. "ఆమె ఆడ చౌడమ్మ. ఈడికొస్తే మూలన మంచం మీద ఒక రోగిష్టి మనిషి. నువ్వు తాళమేసేది అంగడికా, మీ అక్కకా?" అన్నాను. గోడ వైపు తిరిగి పండుకున్నాడు.

మరుసటి రోజు నేను పద్మప్రియమ్మను తోడు తీసుకొని ఆ అద్దాల అంగడికి పోయినాను. అన్నిటికన్నా పెద్ద మిషను కొన్నాను, రెండు గడ్డలు పట్టేది. ఆ పిడులు నీ చేతికి కష్టమే, నాకు తెలుసు. అయినా కొన్నాను. వద్దు వద్దని రెండు జాబులు రాసినదాన్ని ఇంక ఏమీ చెప్పలేను, ఏదో ఒక దారి దొరుకుతుందని కొన్నాను.

మీ తమ్ముడు మే ఏడో తేదీ ఆదివారం నీ దగ్గరికి వస్తున్నాడు. వాళ్ల షాపులో నాలుగు రోజులు సెలవు పెట్టినాడు. మిషను ఆయన సంచిలో బట్టల కింద పెట్టినాను, చూసి మళ్లీ బట్టలు కప్పినాడు. పెద్ద తాళం ఒకటి ఆయనే పెట్టుకున్నాడు. ఏది ముందు బయటికి తీస్తాడో నాకు తెలియదు. నువ్వు గట్టిగా ఉండు.

నీ మీద ప్రాణం పెట్టుకున్న
హనుమంతి


బత్తలపల్లె,
16 మే 2006

హనుమంతీ,

యేసన్నే రాస్తున్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయన భార్య వచ్చి, "మాట్లాడు తల్లీ, ఇంట్లో ఈయన మూలుగుడు తట్టుకోలేకున్నా" అనింది. ఒట్టు అని నువ్వు రాసినావు కాబట్టి ఒప్పుకున్నాను. (నిజానికి ఆమె నన్ను చాలా మాటలన్నది. రాయడం లేదు.)

నీ మొగుడు ఇంటికి వచ్చి చెప్పింది చెప్పి ఉంటాడు. వాడు చెప్పేది పొడి మాటలు. ఏం జరిగిందో నేను చెబుతాను విను.

ఆదివారం పదింటికి బస్సు దిగినాడు. సంచిలోంచి తాళం తీసినాడు.

"అక్కా, బట్టలు సర్దుకో. సాయంత్రం బండికి పోదాం."

"రేపటికి పిండి కలిపిపెట్టినా రా. రేప్పొద్దున గిరాకీ చూసి పోదాం."

"గిరాకీ ఏం గిరాకీ! యేదీ, చేతులు సూపియ్యి."

నేను ఇవ్వలేదు. వాడే కొంగు తీసి, నా రెండు చేతులూ తన ఒళ్లో పెట్టుకొని ఒక్కో వేలూ చూసినాడు, విరిగిన గేటు చూసినట్టు. నాలుగు నెలలుగా ఈ చేతులను ఎవరూ ముట్టుకోలేదు హనుమంతీ. నేనే ముట్టనీలేదు. ఆ పొద్దు ఏడ్చినాను. వాడూ ఏడ్చినాడు. తర్వాత తాళం గూట్లో పెట్టి, "సరే, రేపొక్కరోజే" అన్నాడు.

సోమవారం తెల్లవారి నువ్వు పంపిన మిషను తీసినాం. ఎంత ఆశతో పట్టుకున్నానో చెప్పలేను. పిడులు దగ్గరికి రాలేదు. రెండు చేతులతో పట్టినా రాలేదు. గడ్డ గిన్నెలోనే చల్లారిపోయింది. ఇంక బెంగళూరే నా రాత అనుకున్నాను. ఓబుళేసు నా చేతిలోంచి మిషను లాక్కొని, తనే వొత్తడం మొదలుపెట్టినాడు. ఆరు కిలోలు వొత్తినాడు. గేట్లు మోసే మనిషి, చొక్కా అంతా తడిసిపోయింది. మధ్యలో ఆగి, "ఇంత పని రోజూ నువ్వు ఉత్తచేతుల్తో చేస్తాంటివా అక్కా? పదకొండేండ్లు?" అన్నాడు. అవును రా అన్నాను. ఇన్నేళ్లలో వాడు ఎప్పుడూ తెల్లవారేటప్పుడు నా అంగట్లో లేడు, తెలియక అడిగినాడు.

ఆ పొద్దు ఒక్క బోండా పగల్లేదు. తిప్పేస్వామి మూడు తిని, నాలుగోది జేబులో వేసుకున్నాడు.

తర్వాత నీ మొగుడు తాళం జోలికి పోలేదు. మిషను ఒళ్లో పెట్టుకొని పిడి పైకీ కిందికీ ఆడిస్తా కూర్చున్నాడు. అన్నం కూడా తినలేదు. లేచి రోడ్డవతల వెల్డింగు షాపుకు పోయినాడు. వాళ్లను పక్కకు తప్పుకోమని తనే పని చేసినాడంట. పొద్దుగూకే ముందర వచ్చినాడు. ఒక పిడిని మందమైన చెక్కకు బోల్టులతో బిగించినాడు. ఇంకో పిడికి మోచేతి పొడుగు ఇనుప పైపు అతికి, పైన గుడ్డ చుట్టినాడు. చెక్కకు ఒక చివర గిన్నె పట్టేంత సందు వదిలినాడు. ఇప్పుడు నేను పైపు మీద మోచెయ్యి ఆనించి ఒంటి బరువు వదిలితే చాలు. వేళ్లకు పనే లేదు. మొదటి గడ్డ దిగినప్పుడు నేను అరిచిన అరుపుకు యేసన్న షాపులోంచి పరిగెత్తుకొచ్చినాడు. (పాము అనుకున్నాను.)

అయితే ఒక చిక్కు. దాంతో పని చేయాలంటే కొంగు నడుముకు దోపుకోవాలి. రెండు చేతులూ బయటపెట్టాలి. దాచే దారి లేదు. మంగళవారం బస్టాపు నిండా జనం. ఎన్నాళ్లని, ఏదైతే అదవుతుందని కొంగు దోపుకున్నాను.

పూలు అమ్మే ఓబమ్మ వచ్చింది. ఒకప్పుడు ఆమె రోజూ రెండు బోండాలు తినేది. ఫిబ్రవరి నుంచి నా అంగడి ముందర నడవడం మానేసి వెనక సందులోంచి పోతోంది. నా చేతులు చూసే అసహ్యించుకొని పోతోందని నాకు లోపల ఒకటే మంట. ఆ పొద్దు ఆమె పైపు చప్పుడుకు ఆగింది. నా చేతుల దిక్కే చూస్తా నిలబడింది. తర్వాత పూలగంప కింద పెట్టి, కొంగు కిందినుంచి తన చేతులు బయటికి తీసింది. నావి ఎంతో నయం, హనుమంతీ.

"బోండా పట్టుకునేకి రాదక్కా. నలుగుర్లో కింద పడేసుకుంటే నవ్వుతారని ఇట్లొచ్చేది మానేస్తి" అనింది.

ఆమె నా నుంచి దాక్కుంది, నేను ఆమె నుంచి దాక్కున్నాను. ఇద్దరి మధ్యా పది గజాల రోడ్డు. మూడు నెలలు. ఒక బోండా ఆరబెట్టి ఆమె రెండు అరచేతుల మధ్య పెట్టినాను. ఏడుస్తానే తినింది. బాండలిలో ఒక వాయి మాడిపోయింది, పోనీ అన్నాను. ఇంక అప్పుడు మొదలైంది. తిప్పేస్వామి ప్యాంటు మడిచి మోకాలు చూపించినాడు. డ్రైవరు భుజం ఎత్తలేనన్నాడు. బస్సులో కూర్చున్న ఆడవాళ్లు కిటికీల్లోంచి చేతులు బయటపెట్టి, నాకిక్కడ, నాకిక్కడ అన్నారు. ఊరంతా కీళ్లు పట్టుకొని ఉంటే నేనొక్కదాన్నే కొంగు కింద దాచుకొని కూర్చున్నాను. పెద్దరోగం అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆ మాట పుట్టింది నా నోట్లోనే, నాలోనే తిరిగింది.

మొదట అడిగింది నేనే కాబట్టి మిషను సంగతి కూడా తేల్చి చెబుతాను. చేతులు బాగున్నవాళ్లు దాన్ని కొనొద్దు. నువ్వు రాసింది నిజమే, అది పై అరలో పెట్టే వస్తువే. నాలాంటివాళ్లు కూడా ఉన్నదున్నట్టుగా కొంటే దండగ. కొని, నా తమ్మునిలాంటి వాని చేతికిస్తే మాత్రం దానికి మించింది లేదు. ఓబమ్మ బావగారి హోటల్లో కూడా ఒకటి కావాలంటున్నారు. పైపు పొడుగు కాగితం మీద గీసి ఇస్తానన్నాడు ఓబుళేసు.

వేళ్లు కొంచెం మెత్తబడుతున్నాయి. డాక్టరు ఇంకో మూడు నెలలు అన్నాడు. శ్రావణంలో, ఓబమ్మ చేతులూ కొంచెం కుదిరినాక, నాలుగు రోజులు అంగడి ఆమెకు అప్పజెప్పి వస్తాను. లహరికి జడ వేయడం నాకిప్పుడు రాదు, దువ్వుతాను.

బుధవారం మధ్యాహ్నం నీ మొగుడు తిరిగి పోయినాడు. నా సంచి సర్దమని అడగలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. ధర్మవరం బస్సు కోసం అంగడి పక్కన నిలబడినాడు. బస్టాపులో ఎవరో పెద్దాయన, కొత్త మనిషి, నా దగ్గర రెండు బోండాలు తీసుకొని తింటా, "ఎవరప్పా నువ్వు? ఈ ఊరోనివేనా?" అని వాణ్ణి అడిగినాడు. నేను పొయ్యి వైపు తిరిగి ఉన్నాను. వెల్డింగు పని అంటాడేమో, బెంగళూరు అంటాడేమో అనుకున్నాను.

"ఈ అంగడి చౌడమ్మ తమ్ముణ్ణి" అన్నాడు, రోడ్డు అవతలికి కూడా వినపడేటట్టు.

మీ అందరి మంచీ ఇక్కణ్ణుంచే చూసుకుంటా,
నీ వదిన
చౌడమ్మ